తూకం బల్ల వెనక గోడ

"లోపల మనిషున్నట్టా, లేనట్టా?" అంటూ అతను మూడోసారి బాత్రూం తలుపు కొట్టాడు.

"ఉన్నాను నాన్నా. కిటికీలోంచి దూకి పారిపోలేదు," అంది కూతురు లోపల్నుంచి.

"పావుగంటైంది."

"పన్నెండు నిమిషాలు. నా దగ్గర వాచీ ఉంది."

"బాత్రూంలోకి వాచీ ఎందుకే?"

"మీరిలా లెక్క అడుగుతారనే."

వంటింట్లో అతని భార్య నవ్వు ఆపుకుంది. అత్తగారు మాత్రం కుర్చీలోంచి కదలకుండానే తీర్పు చెప్పేసింది. "ఆడపిల్ల లోపలుంటే తలుపు బాదడమేంట్రా? దాని వయసులో నువ్వు అద్దం ముందు నిలబడితే మీ నాన్న చొక్కా పట్టుకుని లాగేవారు. మర్చిపోయినట్టున్నావు."

"అమ్మా, తొమ్మిదింటికల్లా నేనక్కడుండాలి."

"ఉండు. ఎవరొద్దన్నారు? గడ్డం రేపు గీసుకో."

చివరికి కూతురు తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, వాచీ తండ్రి ముఖం ముందు పెట్టింది. అతను లోపలికెళ్ళి, అంతకంటే ఎక్కువసేపే ఉన్నాడు.

భోజనాల బల్ల మీద రెండు కార్డు రీడర్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి సబ్బుపెట్టె అంత, రెండోది పలక అంత. తలుపు పక్కన గోడకి బిగిస్తే, ఉద్యోగి కార్డు దగ్గరికి రాగానే ఎర్రదీపం పచ్చగా మారుతుంది, చిన్న కూత వేస్తుంది, తలుపు తాళం వదులుతుంది. ఏ కార్డు ఎన్ని గంటలకి వచ్చిందో లోపల రాసిపెట్టుకుంటుంది. వాటిని బిగించడం అతని పని. కార్డుల మీద పేర్లు, ఫోటోలు ముద్రించడం, కంప్యూటర్లో ఎక్కించడం, పని ముగిశాక కాగితాలు నింపడం ఆమె చూసుకుంటుంది. వంట, చాకిరీ మధ్యలో ఈ పని ఆమెకి ఇష్టం. ఒక గడిలో రాయాల్సింది పక్క గడిలోకి పోతే ఆమెకి ఆ పూట అన్నం సయించదు.

ఇవాళ మందులు డబ్బాల్లో సర్దే ఒక ప్యాకింగ్ హాల్లో నాలుగు తలుపులకి రీడర్లు బిగించాలి. ఏ రకమో ఇంకా తేలలేదు.

"చిన్నది పెట్టండి," అంది ఆమె, పళ్ళెం అతని ముందుకి జరుపుతూ. "దగ్గరికొచ్చి కార్డు చూపిస్తేనే తలుపు తెరుచుకోవాలి. నడిచిపోతున్న మనిషిని పిలిచి పలకరించినట్టు అంత దూరం నుంచి చదవడం ఎందుకు?"

"మేనేజరుకి పెద్దదే కావాలి. వాళ్ళందరికీ చేతులకి తొడుగులుంటాయి. తొడుగు తీసి, జేబులో కార్డు వెతికి, చూపించి, మళ్ళీ తొడుక్కుని... టైం పోతుందంటాడు. పెద్దదైతే కార్డు జేబులో ఉండగానే పసిగడుతుంది."

కూతురు పెద్ద రీడరు మీద సైన్సు పుస్తకం పెట్టి, దాని మీద కార్డు ఆనించింది. కుయ్‌మంది. పుస్తకం తీసి కూరగాయలు కోసే చెక్క పెట్టింది. మళ్ళీ కుయ్‌మంది. "నానమ్మా, నీ మందులపెట్టెలో మిఠాయి దాచినా ఇది కనిపెట్టేస్తుంది," అంది.

"దాన్ని అవతల పెట్టమను ముందు," అంది అత్తగారు.

అతని ముఖంలో కాస్త గర్వం కనిపించింది. ఆమె కార్డుల కట్ట సర్దుతూ అడిగింది. "నాలుగు తలుపులన్నారు. మెయిన్ గేటు, స్టోరు, ఆఫీసు. నాలుగోదేది?"

"వాష్‌రూంకి వెళ్ళేది."

"దానికెందుకు?"

"ఎవరు రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నారో తెలియాలట."

"తెలుసుకుని?"

"నాకేం తెలుసు? చెప్పినచోట బిగించడం నా పని." అతను పెద్ద రీడర్లు నాలుగూ సంచిలో పెట్టుకున్నాడు. ఆమె కట్టలో ఒక కార్డు తలకిందులుగా ఉంటే తిప్పి పెట్టింది.

హాల్లో నలభైమంది ఆడవాళ్ళు వరసలుగా నిలబడి పనిచేస్తున్నారు. ఒకరు మందుల పట్టీలు డబ్బాలో దూరుస్తారు, ఒకరు చీటీ మడతపెడతారు, ఒకరు మూత నొక్కుతారు. బెల్టు గరగర. ఆ మోతలో మాట్లాడాలంటే చెవి దగ్గరికి రావాలి. ఆమె తలుపు పక్కన ఒక మూల కెమెరా పెట్టి ఒక్కొక్కరినీ పిలిచింది. ఫోటో తీసి, కార్డు అచ్చు తీసి, ఆప్రాన్ జేబులో పెట్టుకోమని చెప్పింది.

"నవ్వకూడదాండీ?" అని అడిగింది ఒకామె. యాభై దాటి ఉంటుంది, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ వచ్చింది.

"నవ్వండి. ఎవరొద్దన్నారు?"

"సూపర్‌వైజరు అంది. నవ్వితే మిషను గుర్తుపట్టదంట."

"మిషను ముఖం చూడదక్కా, కార్డే చూస్తుంది."

"అమ్మయ్య. ముఖం చూస్తే మూడోరోజుకే వద్దంటుందని భయపడ్డాను," అని ఆమె పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ఫోటో అలాగే పడింది. అందరూ ఆమెను తూకం అక్క అంటారు. హాలంతా నిలబడి పనిచేస్తుంటే ఆమెకొక్కదానికే స్టూలు ఉంది. కట్టిన పెట్టెలు తూకం బల్ల మీదికి వస్తే బరువు చూసి, బరువు, టైము అచ్చేసి తూకపు మిషను ఇచ్చే చీటీల్లో ఒకటి పెట్టెకి అంటించి, రెండోది ఇనుపముల్లుకి గుచ్చుతుంది. చిన్న పెట్టెలైతే కూర్చునే జరుపుతుంది. పెద్ద పెట్టె వచ్చినప్పుడు మాత్రం లేచి, ఎడమ పక్క గోడకి నడుము ఆనించి, బరువు కాలు మీద పడకుండా రెండు చేతులా లాగుతుంది.

గోడకి అవతల నడవలో భర్త డ్రిల్లు మోగింది. ఆమె కెమెరా వదిలి వెళ్ళి చూసింది. వాష్‌రూం తలుపుకి కుడి పక్కన ఇనుప స్తంభం ఉంది. "ఇనుము మీద బిగిస్తే దీని చూపు సగానికి సగం పడిపోతుంది," అన్నాడతను, నుదుటి మీద పొడి తుడుచుకుంటూ. "ఎడమ పక్క పెడతాను. ఇక్కడ ఉత్త పల్చటి బోర్డు గోడ, ఇటుక కాదు. పనీ తేలికే." నాలుగు చిల్లులు వేసి, తీగలు లాగి, రీడరు బిగించాడు. తన కార్డుతో పదిసార్లు చూసుకున్నాడు. పదిసార్లూ పచ్చదీపం వెలిగింది.

నింపాల్సిన కాగితం ఒకటుంది. దాన్ని తయారుచేసింది ఆమే, పదకొండు ప్రశ్నలతో. తీగ నలిగిందా, కరెంటు పోతే తలుపు లోపల్నుంచి తెరుచుకుంటుందా, ఇలాంటివి. ఎక్కడ కూర్చుని నింపాలా అని చూస్తుంటే తూకం అక్క లేచి స్టూలు ఆమె వైపు తోసింది.

"మీరు కూర్చోండక్కా, కాలు నొప్పి కదా."

"పర్వాలేదమ్మా, పది నిమిషాలు నిలబడితే ఊడిపోదు. రాసేవాళ్ళు కూర్చుని రాయాలి, లేకపోతే అక్షరం వంకర పోతుంది."

ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఒక్కొక్క గడిలో టిక్కు పెట్టింది. ఏడో ప్రశ్న: గోడకి రెండో వైపు ఏముందో చూశారా? ఆ రెండో వైపే తన వీపుంది. చూడ్డానికేముంది, గోడే కదా అనుకుంది. టిక్కు పెట్టి, కింద 'సరిచూసినవారు' అన్నచోట సంతకం చేసింది.

తర్వాతి వారం, గురువారం సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. మూడు రోజుల లెక్క అంతా పంపిస్తున్నాననీ, వాష్‌రూం తలుపు వరకు వేరుగా తీసి ఎక్కువసార్లు వెళ్ళినవాళ్ళు పైకి వచ్చేలా పట్టిక చేసిమ్మనీ అడిగాడు. "రోజుకి ఆరుకి మించినవాళ్ళకి ఎర్రరంగు వేయండమ్మా. చూడగానే కళ్ళకి కొట్టాలి."

ఆమె శుక్రవారం పొద్దున్నే గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, కంప్యూటర్ ముందు కూర్చుంది. అరగంటలో పట్టిక తయారైంది. పేర్లన్నీ ఒక వరసలో, అంకెలన్నీ ఒక వరసలో. ఆరుకి మించినవాళ్ళు ఇద్దరే. ఒకరికి ఏడు. పైన ఉన్నామెకి సోమవారం పదిహేడు, మంగళవారం పంతొమ్మిది, బుధవారం పద్దెనిమిది. పక్కనున్న చిన్న ఫోటోలో పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ముఖం.

ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. వయసు మనిషి, ఏమైనా జబ్బేమో అనుకుంది. తర్వాత ఎర్రరంగు వేసింది. రంగు గడి అంచులు దాటి ఉంటే సరిచేసింది. పంపించింది.

మధ్యాహ్నానికి మళ్ళీ ఫోన్. "చాలా చక్కగా ఉందమ్మా పట్టిక. ఆ తూకం ఆవిడకి పొద్దున్నే హెచ్చరిక కాగితం ఇచ్చాం. కార్డు పాడైందని గొడవ చేస్తోంది. రేపు కొత్త కార్డు ఒకటి తెచ్చివ్వండి, ఆ సాకు కూడా మిగలకూడదు. రేపు కూడా ఇలాగే ఉంటే సోమవారం నుంచి రావద్దంటాం."

శనివారం ఆమె ఒక్కతే వెళ్ళింది. తూకం అక్క బల్ల దగ్గరే ఉంది. స్టూలు తోయలేదు, నవ్వలేదు. కొత్త కార్డు తీసుకుని, పాతది ఇచ్చి, ఆమె చెవి దగ్గరికి వంగింది.

"నిన్న పొద్దున్న కాగితం చేతికిచ్చినప్పట్నుంచి చుక్క నీళ్ళు తాగలేదమ్మా. ఒక్కసారి, ఒక్కసారే వెళ్ళాను. సాయంత్రం పిలిచి పదహారు అని చూపించారు."

"ఒక్కసారేనా?"

"ఒట్టు. ఇంటికెళ్ళి చెబితే మా కోడలు నావైపు అదోలా చూసింది. 'నువ్వు వెళ్ళి మర్చిపోతున్నావేమో అత్తా' అంది. రాత్రంతా అదే ఆలోచన. మొన్న పొయ్యి మీద పాలు మర్చిపోయాను. ఇది కూడా అలాగేనేమో." తూకం అక్క కొత్త కార్డుని తిప్పి తిప్పి చూసింది. "కాగితం మీద అచ్చయింది కదా. నేను చెప్పేదాని కంటే అదే నిజమేమోననిపిస్తోంది."

"ఉండండక్కా, నేనొకసారి అటు చూసొస్తాను," అని ఆమె నడవలోకి వెళ్ళింది.

నడవలో ఎవరూ లేరు. గోడకి రీడరు ఎర్రదీపంతో ఉంది. ఆమె దానికి దూరంగా, ఎదుటి గోడ దగ్గర నిలబడింది. కాసేపటికి లోపల్నుంచి ఒకమ్మాయి బయటికొచ్చింది. "మీరే కదండీ మిషన్లు పెట్టింది? ఈ తలుపు భలే మంచిదండీ, ఒక్కోసారి నేను వచ్చేలోపే పచ్చగా వెలిగి పిలుస్తుంది," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

మళ్ళీ నడవ ఖాళీ. ఎర్రదీపం పచ్చగా మారింది. కుయ్‌మంది. తలుపు తాళం టక్కుమని వదిలి, మళ్ళీ పట్టుకుంది.

ఆమె అటూ ఇటూ చూసింది. తన సంచిలో ఉన్న పాత కార్డేమోనని, సంచిని నడవ చివర కిటికీ గట్టు మీద పెట్టి వచ్చింది. వేచి చూసింది. పావుగంటలో దీపం ఇంకోసారి పచ్చగా వెలిగింది. ఈసారి ఆమె పరుగున హాలు తలుపు దగ్గరికి వెళ్ళి లోపలికి చూసింది. తూకం అక్క పెద్ద పెట్టె ఒకటి దింపి, నడుము గోడ నుంచి వెనక్కి తీస్తోంది. ఆప్రాన్ ఎడమ జేబు అంచున కొత్త కార్డు తెల్లగా కనిపిస్తోంది.

భోజనాల బల్ల మీద సైన్సు పుస్తకం, కూరగాయల చెక్క ఆమెకి గుర్తొచ్చాయి. ఏడో గడిలో తను పెట్టిన టిక్కు కూడా గుర్తొచ్చింది.

మేనేజరు గది తలుపు పది అడుగుల దూరంలో ఉంది. అటు రెండడుగులు వేసి ఆగిపోయింది. బిగించింది భర్త. అతనికి చెప్పకుండా ఎలా? వెనక్కి తిరిగి తూకం అక్క దగ్గరికి వచ్చింది. "అక్కా, కార్డు జేబులో వద్దు. తీసి బల్ల మీద కుడి పక్కన పెట్టుకోండి. ఎందుకో సోమవారం చెబుతాను. నీళ్ళు తాగండి." ఇనుపముల్లుకి గుచ్చిన వారం రోజుల తూకపు చీటీలు కావాలని సూపర్‌వైజరుని అడిగింది. "చెత్తలోకి పోయేవే కదా, తీసుకోండి," అందామె.

సాయంత్రం ఐదింటికి భర్త ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే మొత్తం చెప్పేసింది. అతను ఒక చెప్పు కాలికే ఉంచుకుని విన్నాడు.

"బోర్డు గోడ," అన్నాడు చివరికి. "అవతల బల్ల ఉందని నేను చూడలేదు."

"నేను చూశాను. దాని మీదే రాశాను."

"సరే. సోమవారం పొద్దున్నే వెళ్ళి రీడరు వెనక ఇనుపరేకు పెడతాను. అటువైపు చూపు ఉండదు. ఎవరికీ చెప్పక్కర్లేదు."

ఆమె బదులిచ్చేలోపు అతని ఫోన్ మోగింది. మేనేజరు గొంతు గదంతా వినిపించింది. "చూశారా సార్? కొత్త కార్డు ఇచ్చాక ఇవాళ మొత్తం నాలుగే. అంటే అదుపులో పెట్టుకోగలదన్నమాట! ఇన్నాళ్ళూ కావాలనే తిరిగింది. ఇంక రావద్దని చెప్పేశాం. మీ మిషను పనితనం బాగుంది. సోమవారం రండి, మాకున్న మూడు గిడ్డంగుల్లోనూ మీరే బిగించేలా ఒప్పందం మీద సంతకాలు చేద్దాం."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కార్డు బల్ల మీద పెట్టుకోమన్నది తనే. ఆ మంచిమాటే అక్క మెడకి చుట్టుకుంది. ఇప్పుడు ఇనుపరేకు పెడితే, ఆమె వెళ్ళిపోయాక లెక్క సర్దుకుందని ఇంకో పట్టికలో కనిపిస్తుంది. అది కూడా తనే తయారుచేయాలి.

"రేపు మాట్లాడదాం," అన్నాడతను. రెండో చెప్పు అప్పుడు విప్పాడు.

ఆదివారం పొద్దున్న ఆమె నేల మీద పాత దుప్పటి పరిచి, చీటీలు రోజువారీగా కుప్పలు పెట్టింది. పక్కన మేనేజరు పంపిన లెక్క, తలుపు తెరుచుకున్న టైములతో. మంగళవారం పంతొమ్మిది. మొదటిది తొమ్మిదీ ఇరవైరెండు. తొమ్మిదీ ఇరవైరెండుకి ఒక చీటీ దొరికింది, పెద్ద పెట్టె. రెండోది తొమ్మిదీ నలభై. చీటీ ఉంది, పెద్ద పెట్టె. ఒక్కొక్కటీ పెన్సిలుతో గీత పెట్టుకుంటూ పోయింది. పంతొమ్మిదిలో పదహారింటికి పెద్ద పెట్టె చీటీ ఉంది. మిగిలినవి మూడే. అక్క ఎన్ని ఎక్కువ పెట్టెలు లాగితే అన్ని ఎక్కువసార్లు పని వదిలి వెళ్ళినట్టు ఎర్రగా పడింది.

భర్త తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "వెళ్ళి చెబితే మూడు గిడ్డంగులూ పోతాయి. అది కూడా పర్వాలేదు. గోడ అవతలి మనిషిని చదివే రీడరు పెట్టాడని నలుగురికీ తెలిస్తే, రేపు ఎవడు పిలుస్తాడు నన్ను? నీకేం, ఒక టిక్కు పెట్టావు."

"టిక్కు పెట్టింది నేనే కాబట్టే నిద్ర పట్టట్లేదు."

"నేనేం హాయిగా పడుకున్నాననుకున్నావా?" అని అతను అక్కడ్నుంచి వెళ్ళిపోయాడు. పెరట్లో అక్కర్లేకపోయినా పనిముట్ల పెట్టె దులపడం వినిపించింది.

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. కూతురు అందరి ముఖాలూ చూసి, ఉప్పు తక్కువైనా అడగలేదు. అత్తగారే గిన్నె జరుపుతూ, "ఇంట్లో ఎవరు పోయారర్రా ఇలా తింటున్నారు?" అంది.

ఆమె చెప్పింది. గోడ, పెట్టెలు, నీళ్ళు తాగని మనిషి, కోడలి చూపు, అంతా. చెబుతున్నంతసేపూ భర్త అన్నంలో వేళ్ళు కదపలేదు.

"అంటే ఆవిడ అన్నిసార్లు వెళ్ళలేదని రుజువు చేసేస్తావు. అంతేగా?" అంది కూతురు.

"అంతే."

"నిజంగానే వెళ్ళుంటే?"

"ఏంటి?"

"నిజంగానే పంతొమ్మిదిసార్లు వెళ్ళుంటే? కడుపునొప్పో, ఇంకేదో. అప్పుడు తీసేయడం కరెక్టేనా?"

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆరుకి మించితే ఎరుపు. ఎవరు పెట్టారు ఆ ఆరు అని తను అడగలేదు. రంగు గడి దాటకుండా చూసుకుంది. సోమవారం నుంచి ఆ బల్ల దగ్గర కూర్చునే ఇంకో మనిషి, రేకు వెనక, సరైన లెక్కతో, నీళ్ళు మానేస్తుంది.

"దీనికి నోరు ఎక్కువ," అంది అత్తగారు. కానీ మందలింపులా లేదు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. "రేపు తొమ్మిదింటికి నేను వెళ్తున్నాను," అంది, భర్త వైపు చూస్తూ. "మన కాగితంలో ఏడో గడి కొట్టేసి 'చూడలేదు' అని రాశాను. కింద సంతకం చేశాను. చీటీలన్నీ దానికి జతచేశాను. తూకం అక్కని వాళ్ళింటి నుంచి వెంటబెట్టుకునే మేనేజరు గదిలోకి వెళ్తాను. ఆవిడ వినేలాగే చెబుతాను, మతిమరుపు మీది కాదక్కా, తప్పు మాది అని. ఇంకొకటి. ఆ నాలుగో తలుపు పట్టిక ఇంక నేను చేయను. ఆ రీడరు మనం తీసేసుకుంటామని కూడా రాశాను. మిగతా మూడు తలుపులు చాలు వాళ్ళకి. ఉంచాల్సిందే అంటే ఇంకెవరినైనా పిలిచి పెట్టించుకోమనండి."

కూతురు నెమ్మదిగా ఉప్పు డబ్బా అందుకుంది.

అతను మెతుకులు ఒక పక్కకి పోగుచేశాడు. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"రీడరు ఊడదీస్తే గోడకి నాలుగు చిల్లులు కనబడతాయి," అన్నాడు. "అలా వదిలేసి రాకూడదు. పొద్దున్న దారిలో తెల్ల సిమెంటు తీసుకోవాలి. ఎనిమిదింటికే బయల్దేరదాం."

తర్వాత కూతురి వైపు తిరిగాడు. "బాత్రూంలోకి ముందు నువ్వే వెళ్ళు."